బడి దశల నివేదికలు, విద్యా విధానం: తిరుపతి, చిత్తూరు జిల్లాల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఐదో తరగతి పిల్లల్లో సగం మందికి రెండో తరగతి పాఠం చదవడం రాదని పత్రికలో వార్త వస్తుంది. కొన్నాళ్లకు బడికి కొత్త పుస్తకాలో, కొత్త పరీక్షో, కొత్త జీవోనో చేరుతుంది. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సభ్యులు, కాంప్లెక్స్ (ఒక హైస్కూలు చుట్టూ ఉన్న బడుల గుంపు) సమావేశాలకు వచ్చే ఉపాధ్యాయులు, డీఎస్సీకి చదివే యువత పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. పిల్లల చదువును తేల్చే కాగితాలను ఆ పిల్లల తల్లిదండ్రులు చదవగలగాలన్నది నా పట్టుదల.

అసలు నివేదికలు అంటే ఏవి?

ముఖ్యంగా మూడు రకాలు. మొదటివి ప్రభుత్వం నియమించిన కమిషన్లు, కమిటీలు రాసేవి. వీటిలో సిఫార్సులు ఉంటాయి. రెండోవి పిల్లలకు ఏం వచ్చో పరీక్షించి చెప్పే సర్వేలు. మూడోవి బడుల లెక్కలు: ఎందరు పిల్లలు, ఎందరు ఉపాధ్యాయులు, ఎన్ని గదులు. సిఫార్సు, పరీక్ష ఫలితం, లెక్క అనే ఈ మూడూ వేర్వేరు. పత్రికల్లో అన్నింటినీ ‘నివేదిక’ అనే రాస్తారు కాబట్టి ముందుగా అది ఏ రకమో చూసుకోవాలి.

చదువు మొత్తాన్ని ఒకేసారి చూడకుండా ఒక్కో దశకు ఒక్కో నివేదిక ఎందుకు?

స్వాతంత్ర్యం వచ్చాక మొదట చూసింది విశ్వవిద్యాలయాలను. 1948-49లో ఆ కమిషన్‌కు అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన 1896 నుంచి 1900 వరకు తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నారు. ఆ తర్వాత 1952-53లో సెకండరీ విద్య మీద ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. ఆయన కర్నూలులో పుట్టి, మద్రాసు విశ్వవిద్యాలయానికి చాలాకాలం వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. అంటే పైనుంచి కిందికి దిగుతూ వచ్చారు. మొదట విశ్వవిద్యాలయం, తర్వాత హైస్కూలు. ఒకటో తరగతి నుంచి పైదాకా అన్నిటినీ కలిపి చూసింది డి.ఎస్. కొఠారీ అధ్యక్షతన 1964-66లో పనిచేసిన కమిషన్.

ఈ వరుసకు ఫలితం ఉంది. ఏ దశ మీద నివేదిక వస్తే డబ్బు, దృష్టి ఆ దశకే ముందు వెళ్తాయి. మొదలియార్ నివేదిక తర్వాత మల్టీపర్పస్ హైస్కూళ్లు వచ్చాయి. వృత్తి కోర్సులకు కావలసిన ఉపాధ్యాయులు, పరికరాలు లేక చాలాచోట్ల అవి నిలదొక్కుకోలేదు. ఆ కాలంలో ప్రాథమిక బడి తన వంతు కోసం ఎదురుచూస్తూనే ఉంది. 2009లో విద్యా హక్కు చట్టం వచ్చేదాకా ఆ ఎదురుచూపు సాగిందని నేను అంటాను.

కొఠారీ నివేదికలోని మాటల్లో మా బడిదాకా వచ్చినవి ఏమైనా ఉన్నాయా?

చాలా ఉన్నాయి, ఎక్కడివో మనకు తెలియకపోయినా. పదో తరగతి, ఆపైన రెండేళ్ల ఇంటర్, ఆపైన మూడేళ్ల డిగ్రీ అనే 10+2+3 పద్ధతి అక్కడిదే. మన రాష్ట్రం దీన్ని తొందరగానే అందుకుంది. 1969-70లో రెండేళ్ల ఇంటర్ మొదలైంది, 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది.

ఉపాధ్యాయులు హాజరయ్యే కాంప్లెక్స్ సమావేశం కూడా ఆ నివేదిక ఆలోచనే. ఒక హైస్కూలు చుట్టూ ఉన్న చిన్న బడులన్నీ ఒక గుంపుగా పనిచేయాలని, ఒకరి పుస్తకాలు, పరికరాలు, అనుభవం ఇంకొకరికి అందాలని కమిషన్ కోరింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా అదే మాట మళ్లీ చెప్పింది. ఇప్పుడు చాలా కాంప్లెక్స్ సమావేశాలు పైనుంచి వచ్చిన ఆదేశాలు చదివి వినిపించడంతో గడిచిపోతున్నాయి. మూల ఆలోచన అది కాదని ఉపాధ్యాయులు గుర్తు చేయాలి.

అమలు కానిదీ చెప్పుకోవాలి. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఖర్చు చేయాలన్న లక్ష్యం 1966 నాటిది. 2020 విధానంలోనూ అదే 6 శాతం లక్ష్యంగానే కనిపిస్తుంది.

నివేదిక నుంచి జీవో దాకా దారి ఎలా ఉంటుంది?

తిన్నగా ఉండదు. ఒక మంచి ఉదాహరణ 1985-87 నాటిది. 1985 ఆగస్టులో కేంద్రం విద్య స్థితిగతుల మీద ఒక పత్రం విడుదల చేసి దేశమంతా చర్చకు పెట్టింది. 1986లో జాతీయ విద్యా విధానం వచ్చింది. దానిలోంచి 1987లో ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ పుట్టింది. ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, నల్లబల్ల, బోధన సామగ్రి ఉండాలన్నది దాని సారం. ఒకే గది, ఒకే టీచరు ఉన్న బడులు ఎన్ని ఉన్నాయో సర్వేలు లెక్క తేల్చాయి కాబట్టే ఆ కోరికకు బలం వచ్చింది. జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అంటే డైట్‌లు కూడా అదే విధానం ఫలితం. కార్వేటినగరం డైట్‌లో చదివి బయటికి వచ్చిన ప్రతి టీచరూ ఆ 1986 కాగితానికి కొంత రుణపడి ఉన్నట్టే.

కొన్ని నివేదికలకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. పుస్తకాల సంచి బరువు, అర్థం కాని పాఠాల బరువు మీద యశ్‌పాల్ కమిటీ 1993లో చిన్న నివేదిక ఇచ్చింది. దాని ఆలోచన 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రంలోకి వచ్చేసరికి పన్నెండేళ్లు గడిచాయి. ఆ నివేదిక వచ్చిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లలు అప్పటికి ఇంటర్ దాటేశారు.

అసర్, న్యాస్, పరఖ్, యూడైస్ అని వింటున్నాం. వీటికి తేడా ఏమిటి?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువ గందరగోళమూ ఇక్కడే.

అసర్ సర్వేను ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టింది. జిల్లాకు 30 గ్రామాలు, గ్రామానికి 20 ఇళ్లు తీసుకుంటారు. ఇంటికి వెళ్లి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తారు, లెక్కలు చేయిస్తారు. బడి మానేసిన పిల్లలూ, ప్రైవేటు బడి పిల్లలూ ఇందులో ఉంటారు. కానీ ఇది గ్రామాలకే పరిమితం. అందువల్ల తిరుపతి నగరంలోని పిల్లలు అసర్‌లో కనిపించరు. ఈ సర్వేలో అన్నిటికన్నా కష్టమైన పాఠం రెండో తరగతి స్థాయిదే. పై తరగతుల పిల్లలకు ఇంకా ఏం వచ్చో అది చెప్పదు, చెప్పానని అనదు కూడా.

న్యాస్ ప్రభుత్వ సర్వే. బడిలో కూర్చోబెట్టి రాయించే పరీక్ష కాబట్టి ఆ రోజు బడికి రాని పిల్లలు ఇందులో ఉండరు. 2017లో, 2021లో జరిగింది. 2021లో 3, 5, 8, 10 తరగతులను పరీక్షించారు. 2024 డిసెంబరు 4న ఇదే పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ పేరుతో జరిగినప్పుడు తరగతులు మారాయి: 3, 6, 9. 2020 విధానంలో పునాది దశ రెండో తరగతితో, సన్నాహక దశ ఐదుతో, మధ్య దశ ఎనిమిదితో ముగుస్తాయి. ఒక దశ దాటి తర్వాతి దశలో అడుగుపెట్టిన పిల్ల దగ్గర ఏం మిగిలిందో చూడడం దీని ఉద్దేశం. 5, 8 తరగతుల పాత ఫలితాలను ఈ కొత్త వాటితో పోల్చి ‘పడిపోయింది’, ‘పెరిగింది’ అని రాసే వార్తలను నమ్మవద్దు.

యూడైస్‌లో పిల్లలకు ఏం వచ్చో ఉండదు. హెచ్‌ఎం ఏటా నింపే బడి లెక్క అది. ఒకప్పుడు బడికి ఒక లెక్క చొప్పున ఉండేది, 2022-23 నుంచి ప్రతి విద్యార్థికీ విడిగా వివరాలు నమోదు చేస్తున్నారు. ఉపాధ్యాయుల కేటాయింపు, గదుల మంజూరు, నిధులు అన్నీ ఈ లెక్క చుట్టూనే తిరుగుతాయి. అందుకే ఆ ఫారం నింపడాన్ని గుమాస్తా పని అని తీసిపారేయకూడదు.

మూడో తరగతి మీదే అందరి దృష్టి ఎందుకు?

చదవడం నేర్చుకునే వయసు అక్కడితో ముగిసి, చదివి నేర్చుకునే వయసు మొదలవుతుంది. నాలుగో తరగతి పుస్తకం పిల్లకు చదవడం వచ్చనే నమ్మకంతో రాసి ఉంటుంది. రాని పిల్లకు ఆ ఏడాది నుంచి అన్ని సబ్జెక్టులూ మూసుకుపోతాయి.

అసర్ ప్రకారం దేశంలోని గ్రామీణ మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం, కరోనా తర్వాత 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం. ఏళ్ల తరబడి వచ్చిన ఇలాంటి అంకెలే 2020 విధానం మాటను మార్చాయి. ప్రాథమిక దశలో 5 కోట్ల మందికి పైగా పిల్లలకు చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావని ఆ విధాన పత్రమే ఒప్పుకుంది. 2021 జులైలో నిపుణ్ భారత్ అనే కేంద్ర కార్యక్రమం మొదలైంది. 2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యే ప్రతి పిల్లకూ ఇవి రావాలన్నది లక్ష్యం. సర్వేలు నేరుగా విధానాన్ని కదిలించిన సందర్భం ఇంత స్పష్టంగా మరొకటి నాకు కనిపించదు.

మరి ఆరు నుంచి ఎనిమిది దాకా?

అన్నిటికన్నా తక్కువ చర్చ జరిగే దశ ఇదే, ఇందుకు నాకు బాధగా ఉంది. పరఖ్ 2024లో దేశ సగటు గణితం ఫలితం మూడో తరగతిలో 60 శాతం, ఆరులో 46, తొమ్మిదిలో 37. ఇవి ఒకే పిల్లల అంకెలు కావు, ప్రశ్నపత్రాలూ వేరు. అయినా ఆ వాలు చూశాక మధ్య దశను పట్టించుకోకుండా ఉండడం సాధ్యం కాదు. భిన్నాలు, రుణ సంఖ్యలు, బీజగణితం మొదలయ్యే చోటే పిల్లలు గణితానికి దూరమవుతున్నారు.

పెద్ద పిల్లల మీద నివేదికలు ఉన్నాయా?

ఉన్నాయి, తక్కువ. అసర్ 2017లోనూ, 2023లోనూ 14 నుంచి 18 ఏళ్ల వారిని మాత్రమే తీసుకుని చూసింది. 2023లో 28 జిల్లాల్లో చేసిన ఆ సర్వేలో 86.8 శాతం మంది ఎక్కడో ఒకచోట చదువుతున్నారు. వయసు వారీగా విడదీస్తే అసలు విషయం కనిపిస్తుంది. 14 ఏళ్ల వారిలో చదువు మానేసినవారు 3.9 శాతం, 18 ఏళ్ల వారిలో 32.6 శాతం. పదో తరగతికీ ఇంటర్‌కూ మధ్య, ఇంటర్‌కూ డిగ్రీకీ మధ్య పిల్లలు జారిపోతున్నారు. విద్యా హక్కు చట్టం 14 ఏళ్లతో ఆగిపోతుంది కాబట్టి ఈ వయసు పిల్లల విషయంలో జవాబు చెప్పవలసిన బాధ్యత చట్టప్రకారం ఎవరి మీదా గట్టిగా లేదు.

‘పిల్లలను ఫెయిల్ చేయకూడదు’ అన్న నియమం నివేదికల వల్లే మారిందా?

చాలావరకు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు ఎవరినీ అదే తరగతిలో ఆపకూడదని చెప్పింది. తర్వాతి ఏళ్లలో సర్వే ఫలితాలు నిరాశపరచడంతో ఆ నియమమే కారణమన్న వాదన బలపడింది. 2019లో చట్టాన్ని సవరించి 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టుకునే, తప్పిన పిల్లలకు రెండు నెలల్లో మళ్లీ అవకాశం ఇచ్చి అప్పటికీ పాసవకపోతే ఆపే వీలును ప్రభుత్వాలకు ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వ బడులకు 2024 డిసెంబరులో ఆ నిబంధనలు వచ్చాయి. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యే వరకు పిల్లను బడి నుంచి తీసేయడానికి మాత్రం ఇప్పటికీ వీలు లేదు.

ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పిల్లలకు చదవడం రావడం లేదని సర్వే చెప్పింది. వాళ్లను అదే తరగతిలో ఉంచమని చెప్పలేదు. అంకె లోటును చూపుతుంది, దాన్ని ఎలా పూడ్చాలన్నది మనుషులు తీసుకునే నిర్ణయం. అదే అంకెను చేతపట్టుకుని పిల్లను ఆపవచ్చు, లేదా ఆమెకు వచ్చిన చోటి నుంచి పాఠం మొదలుపెట్టవచ్చు. నేను రెండో దానివైపు ఉన్నాను.

117 జీవో కూడా ఇలాంటిదేనా?

అవును, మనకు అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ. 2022 జూన్‌లో వచ్చిన ఆ జీవో కింద, కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను అక్కడికి మార్చారు. చిన్న బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది సమర్థన. పిల్లలు తక్కువగా ఉన్న బడుల లెక్కలు, 2020 విధానంలోని 5+3+3+4 దశలు (పునాది దశకు ఐదేళ్లు, తర్వాతి దశలకు మూడు, మూడు, నాలుగేళ్లు) దీనికి ఆధారంగా చూపారు. వాగు దాటాల్సిన, హైవే దాటాల్సిన ఎనిమిదేళ్ల పిల్లల సంగతి ఏ లెక్కలోనూ లేదు. 2025లో ఆ జీవోను పక్కనపెట్టి, తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లతో కొత్త ఏర్పాటు తెచ్చారు.

చాలామంది గమనించని మాట ఒకటి ఉంది. ఈ దశలు బోధనకు, పాఠ్య ప్రణాళికకు సంబంధించినవి మాత్రమేనని, వాటికోసం భవనాల ఏర్పాటులో మార్పులు అవసరం లేదని 2020 విధాన పత్రం నాలుగో అధ్యాయంలోనే రాసి ఉంది. విధానం పేరు చెప్పి ఎవరైనా బడిని కదిలిస్తామంటే ఆ పేరా తీసి చూపించండి.

చిన్న బడుల సమస్య నిజమే. 2024-25 యూడైస్ ప్రకారం దేశంలో ఉపాధ్యాయుల సంఖ్య తొలిసారి కోటి దాటింది. అదే ఏడాది లక్షకు పైగా బడులు ఒకే టీచరుతో నడిచాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్‌వి 12 వేలకు పైగా, రాష్ట్రాలన్నిటిలోకీ ఎక్కువ. 1987లో ఇద్దరు టీచర్లు ఉండాలని పెట్టుకున్న లక్ష్యం ఇంకా మన ముందే ఉంది.

మన ప్రాంతపు అనుభవం ఎప్పుడైనా విధానంగా మారిందా?

మారింది. పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర రిషివ్యాలీ విద్యాసంస్థ చుట్టుపక్కల పల్లెల్లో, ఒకే టీచరు అన్ని తరగతులకూ చెప్పే బడుల కోసం కార్డులతో ఒక పద్ధతి తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొడతారు. పిల్ల తాను ఉన్న మెట్టు నుంచి కార్డు తీసుకుని తన వేగంతో ముందుకు వెళ్తుంది, టీచరు అవసరమైన చోట కూర్చుంటాడు. 1990ల్లో మైసూరు జిల్లా ఉపాధ్యాయులు వచ్చి చూసి వెళ్లారు. కర్ణాటకలో ‘నలి-కలి’ అలా ఎదిగింది. 2003 ప్రాంతంలో చెన్నై కార్పొరేషన్ బడులు అందుకున్నాయి, అక్కడి నుంచి తమిళనాడు అంతా పాకింది. ఒక కొండప్రాంతపు ఒంటి టీచరు బడిలో పనిచేసి చూపించింది రెండు రాష్ట్రాల విధానంలోకి వెళ్లింది. ఒంటి టీచరు బడులు ఇన్ని ఉన్న మన రాష్ట్రం దీన్ని మరింత గట్టిగా పట్టుకుని ఉండాల్సింది.

ప్రైవేటు బడులే నయమని నివేదికలు చెబుతున్నాయా?

తేలిగ్గా అలా అనలేం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల పల్లెల్లో లాటరీ తీసి కొందరు పిల్లలను ప్రైవేటు బడికి పంపి నాలుగేళ్లు చూసిన అధ్యయనం 2015లో వెలువడింది. తెలుగులో, గణితంలో రెండు వర్గాల మధ్య తేడా రాలేదు, హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడుల ఖర్చు తక్కువ, అవి తెలుగుకు, గణితానికి కేటాయించిన సమయమూ తక్కువ. ఆ ఫలితం ఇరుపక్షాలకూ ఆలోచించే పని పెడుతుంది.

జిల్లా సగటు బాగుంటే సరిపోదా?

సరిపోదు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు తమిళ మాధ్యమంలో చదివే పిల్లలు ఉన్నారు. శ్రీకాళహస్తి, సత్యవేడు, సూళ్లూరుపేట వైపు యానాది కుటుంబాల పిల్లలు ఉన్నారు. కుప్పం, పలమనేరు పల్లెల నుంచి బెంగళూరుకు కూలికి వెళ్లే తల్లిదండ్రుల వెంట పిల్లలూ వెళ్తారు. సర్వే రోజున వీళ్లలో ఎందరు బడిలో ఉంటారు? పైగా 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా చిత్తూరు, నెల్లూరు జిల్లాల భాగాలతో ఏర్పడింది. అంతకు ముందు చిత్తూరు పేరుతో వచ్చిన అంకెను ఇప్పటి చిత్తూరు అంకె పక్కన పెడితే తప్పుడు నిర్ణయానికి వస్తాం.

మా బడి లెక్క తప్పుగా నమోదైతే?

హెచ్‌ఎంతో మాట్లాడండి, క్లస్టర్ రిసోర్స్ పర్సన్ దృష్టికి, ఎంఈఓ దృష్టికి రాతపూర్వకంగా తీసుకెళ్లండి. పాడైన మరుగుదొడ్డి ‘పనిచేస్తోంది’ అని ఉంటే దాని మరమ్మతుకు డబ్బు ఎప్పటికీ రాదు.

స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీగా మేం చేయగలిగింది ఏమిటి?

చట్టం మీకు గట్టి స్థానమే ఇచ్చింది. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే హక్కు మీది. ప్రభుత్వం ఇచ్చే నిధులకు ఆ ప్రణాళిక ఆధారం కావాలని చట్టంలోని 22వ సెక్షన్ చెబుతుంది. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరు చివరికల్లా అది సిద్ధంగా ఉండాలి.

ప్రణాళిక అంటే ప్రహరీ గోడ, రంగులు అనే అలవాటు ఉంది. దానికి రెండు జాబితాలు చేర్చండి. ఒకటి, మూడో తరగతిలో తెలుగు పాఠం ధారాళంగా చదవగలిగినవారు ఎందరు, ఇంకా కూడబలుక్కుని చదివేవారు ఎందరు అన్నది. టీచరు సమక్షంలో తల్లులే కూర్చుని విని రాయవచ్చు, ఒక మధ్యాహ్నం పని. రెండోది, కిందటేడు ఐదో తరగతి పూర్తిచేసిన ప్రతి పిల్లా ఈ ఏడు ఆరో తరగతిలో ఎక్కడ చేరింది, చేరకపోతే ఎక్కడ ఉంది అన్నది. హైస్కూలు కమిటీ అయితే పదో తరగతి దాటిన పిల్లల గురించి ఇదే జాబితా రాయాలి. పేర్లున్న జాబితా బడిలోనే ఉంచి, పేర్లు లేకుండా అంకెలు మాత్రం ప్రణాళికలో చేర్చి ఎంఈఓ కార్యాలయంలో ఇవ్వండి. ఇచ్చినట్టు సంతకం, తేదీ ఉన్న నకలు తప్పక తీసుకోండి, కాంప్లెక్స్‌లోని మిగతా బడుల కమిటీలకూ ఒకటి పంపండి. పది బడులు అలా ఇస్తే మండలం మొత్తానికి మన చేత్తో రాసిన నివేదిక ఒకటి తయారవుతుంది.